కాకికి తొలి గుక్క

పిల్లల కథలు రాసేవాళ్లను నేను అంత తొందరగా నమ్మను. నేనూ రాశాను కనకనే చెబుతున్నాను. మనసులో ముల్లులా గుచ్చుకునే సంగతి ఒకటి ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు చెబితే నలుగురితో తగువు. అందుకని దానికి ఓ తోకో, రెండు రెక్కలో తగిలించి అడవిలోకి తోలేస్తాం. చదివినవాళ్లు ఆహా అంటారు. తగువు రాదు, పేరు వస్తుంది. నేను అలాగే ఒక కాకిని అడవిలోకి తోలాను. ఆ కాకి ఏమైందో చెబుతాను.

అది పందొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం. మదరాసు చింతాద్రిపేటలో, కూవం ఏటికి రెండు వీధుల ఇవతల, ఒక తెలుగు బడి ఉండేది. అందులో నేను ఐదో తరగతి టీచర్ని. పేరు మృణాళిని, వయసు ఇరవై ఆరు. నాన్న పోయాక అమ్మకూ నాకూ పొయ్యి వెలిగేది ఆ ఉద్యోగంతోనే. తీరిక దొరికినప్పుడు ఒక పిల్లల మాసపత్రికకు కథలు రాసేదాన్ని.

ఆంధ్ర విడిపోయింది, మదరాసు మాత్రం తమిళనాటికే ఉండిపోయింది. తెలుగు బళ్లలో పిల్లలు పలచబడ్డారు. ఎవరికి వాళ్లు పిల్లల్ని తమిళ బళ్లకు మార్చేస్తున్నారు. తలలు చాలకపోతే తరగతులు ఎత్తేస్తారని మా హెడ్మాస్టరు త్యాగరాజుగారు బెంగపెట్టుకున్నారు. ఆయన తెలుగు అభిమానం ఇంతా అంతా కాదు, పద్యం ఎత్తుకుంటే కళ్లు చెమర్చేవి. ఆ బెంగలో ఉండగా ఆయనకు కూవం ఒడ్డు గుడిసెలు గుర్తొచ్చాయి. తాతల నాడు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి, కార్పొరేషన్‌లో వీధులూడ్చే పనికీ మరుగుదొడ్లు కడిగే పనికీ కుదిరినవాళ్లు ఉండేది అక్కడే. "వాళ్లు కూడా మన తెలుగోళ్లే కదమ్మా" అన్నారు నాతో. ఆయన పుట్టినప్పటి నుంచీ ఆయన వీధి ఊడుస్తున్నది వాళ్లే. వాళ్లు తెలుగువాళ్లన్న సంగతి మాత్రం ఆయనకు అప్పుడే తట్టింది.

అలా నలుగురు పిల్లలు బళ్లోకి వచ్చారు. వాళ్లలో పెద్దది రాసాత్తి. మూడో తరగతిలో చేరి ఐదులోకి వచ్చింది. పదకొండేళ్లు. లెక్క బోర్డు మీద రాసేలోపే జవాబు నోట్లో పెట్టుకుని కూర్చునేది. ఏప్రిల్లో పరీక్ష. అది గట్టెక్కితే ఆరో తరగతికి ఆడపిల్లల హైస్కూలు. గట్టెక్కకపోతే తల్లి వెంట చీపురు పట్టుకుని వీధిలోకి. ఆ పిల్లకు మధ్యదారి లేదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. "నువ్వు హైస్కూలుకు పోతావు, నాదీ పూచీ" అని నేనే దానికి మాటిచ్చాను.

బడి వెనక పెరట్లో బావి ఉండేది. చుట్టూ సిమెంటు చప్టా, చప్టా మీద ఇత్తడి గుండిగ, రెండు గ్లాసులు. పిల్లలు ముంచుకుని తాగేవాళ్లు. ఆ నలుగురు మాత్రం చప్టా దిగువన నిలబడి దోసిలి పడితే, అటెండరు కృష్ణన్ పైనుంచి పోసేవాడు. అంటరానితనం నేరమని చట్టం అప్పటికే వచ్చేసింది గనక ఆ మాట మా బళ్లో ఎవరూ అనేవాళ్లు కారు. ఎవరైనా అడిగితే కృష్ణన్ "గ్లాసులు చాలవు" అనేవాడు. మిగతా నూటపాతికమందికి ఆ రెండు గ్లాసులే ఎలా చాలుతున్నాయో మరి.

ఒకరోజు అతను తొందరలో పోస్తుంటే నీళ్లన్నీ రాసాత్తి జాకెట్టు మీద పడ్డాయి. అది తుడుచుకుని, తడి బట్టలతోనే వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఆ సాయంత్రమే కథ రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. ఏడ్చానన్నది దాచను, ఎందుకంటే ఆ ఏడుపుతోనే నా వంతు అయిపోయిందనుకున్నాను. మర్నాడు చప్టా ఎక్కి, ఆ గ్లాసు తీసి దాని చేతిలో పెట్టి ఉంటే ఒక్క నిమిషం పని. కథ రాయడానికి మూడు గంటలు పట్టింది.

కథ ఇది. అడవిలో ఒక మడుగు. అన్ని జంతువులూ అందులో తాగుతాయి, కాకి తప్ప. చచ్చినవాటిని తింటుందని కాకిని దగ్గరికి రానివ్వరు. కొంగ ఆకులో నీళ్లు తెచ్చి దూరం నుంచి పోస్తుంది. ఒకనాడు మడుగులో పాము చచ్చి పడుతుంది. దాన్ని తాకడానికి అందరికీ భయం. దప్పికతో అడవి అల్లాడుతుంటే, కాకి తనంతట తానే వెళ్లి పామును ముక్కున కరచుకుని బయటపడేస్తుంది. సింహం సిగ్గుపడి "నేటి నుంచి తొలి గుక్క నీదే" అంటుంది. కాకి మడుగులో దిగి తాగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

సంపాదకులు శేషాచలంగారు కార్డు రాశారు: "ఎంత సున్నితంగా చెప్పావమ్మా! ఎవరినీ నొప్పించకుండా చెప్పావు." ఆ కార్డును అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఎవరినీ నొప్పించకపోవడం మెప్పనుకున్నాను. అచ్చులో వచ్చాక త్యాగరాజుగారూ చదివారు. "బాగుందమ్మా, నీతి ఉంది. క్లాసులో చదవండి" అన్నారు. ఆ కొంగ ఎవరో, సింహం ఎవరో ఆయనకు తెలియలేదనుకోను. పక్షుల మీదుగా చెప్పిన మాట గనక ఆయన మీద వాలలేదు, అంతే.

మార్చిలో ఒక సోమవారం క్లాసులో చదివాను. పిల్లలు నిజంగానే చప్పట్లు కొట్టారు. రాసాత్తి కొట్టలేదు. చెయ్యెత్తింది.

"టీచర్, ఆ పాము సావకపోయుంటే?"

"అప్పుడు కథే ఉండదు కదే" అన్నాను. క్లాసంతా నవ్వింది. నా జవాబుకు నేనే మురిసిపోయాను.

అది మాత్రం నవ్వలేదు. "అయితే ఏందన్నా ఒకటి చేస్తేనే కాకికి నీళ్లిస్తారన్నమాట" అంది, నాతో కాదు, తనలో తాను లెక్క కట్టుకున్నట్టు. నేను పుస్తకం మూసి లెక్కల్లోకి వెళ్లిపోయాను.

అదే వారం గురువారం పొద్దున గుండిగ నింపడానికి వెళ్లిన కృష్ణన్ ముక్కు మూసుకుని తిరిగొచ్చాడు. బావిలో పిల్లి చచ్చి తేలుతోంది. వీధి కొళాయిలో నీళ్లు తెల్లారి రెండు గంటలే వచ్చేవి, ఆ వేళ దాటిపోయింది. కృష్ణన్‌ను దిగమంటే "నా పని కాదు సార్ అది" అన్నాడు. చచ్చిన పిల్లిని తీసే పని ఎవరిదో అందరికీ తెలుసు. కబురు పెడితే మాదయ్య వచ్చాడు. మాదయ్య రాసాత్తి తండ్రి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. పిల్లి మాదయ్యది, బావి మనది. పిల్లిని అతనే తీయాలి, కాని బావిని తాకకూడదు, చప్టా ఎక్కకూడదు. తరతరాలుగా ఇది ఇలాగే జరుగుతోంది గనక ఎవరికీ వింతగా లేదు, మాదయ్యకు కూడా. రెండు వెదుళ్లు కలిపి కట్టి, కొసకు వల తగిలించి, చప్టా దిగువ నుంచే చాపి బావిలోకి దించాడు. లోపల ఏముందో అతనికి కనిపించదు. కృష్ణన్ గట్టు మీద నుంచి తొంగి చూస్తూ దారి చెబుతున్నాడు.

"ఎడంపక్క పో. ఇంకా పో. అయ్యో, దాటిపోయినావు. వెనక్కి రా."

"ఈడనా?"

"ఆడ కాదయ్యా, కుడిపక్క!"

ఒక గంట సేపు ఈ తంతు సాగింది. కిటికీలోంచి చూసి పిల్లలు నవ్వారు. రాసాత్తి కిటికీ దగ్గరికి వెళ్లలేదు, తల వంచుకుని పలక మీద ఏదో గీస్తూ కూర్చుంది. చివరికి మాదయ్య చెమట తుడుచుకుని "రేపు కొక్కెం తెచ్చి తీస్తా సామీ" అని త్యాగరాజుగారికి చెప్పి డ్యూటీకి పోయాడు.

ఎండ ముదిరింది. చిన్న తరగతుల పిల్లలు దాహానికి ఏడుపు మొదలుపెట్టారు. మధ్యాహ్నం గంట కొట్టారు. నేను టీచర్ల గదిలో అన్నం డబ్బా విప్పుతున్నాను, పెరట్లో కేకలు వినిపించాయి. పరిగెత్తాను.

బావి లోపల దిగడానికి గోడకు ఇనప మెట్లు ఉండేవి. నేను వెళ్లేసరికి రాసాత్తి వాటి మీదుగా పైకి వస్తోంది. పావడా కచ్చ పోసి కట్టింది. నడుము దాకా తడిసిపోయింది. ఎడమ చేతిలో పిల్లి. గట్టు దాటి, చప్టా దిగి, పిల్లిని తీసుకెళ్లి గోడవతల పారేసి, చేతులు మట్టితో రుద్దుకుని తిరిగొచ్చింది. వచ్చి చప్టా మీదే నిలబడింది. జన్మలో మొదటిసారి.

బళ్లో పిల్లలంతా చుట్టూ ఉన్నారు. సోమవారం చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. ఎవరూ కొట్టలేదు. రాసాత్తి అందరినీ ఒకసారి చూసి, నన్ను వెతుక్కుంది. కష్టమైన లెక్క చేసి పలక చూపిస్తూ నిలబడేటప్పుడు దాని ముఖం ఎలా ఉండేదో అలాగే ఉంది.

"అయిపోయింది టీచర్. తీసేసినా."

దాని పావడా నుంచి నీళ్లు కారి చప్టా మీద పారుతున్నాయి. ఆ నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి. నేను ఒకడుగు వెనక్కి జరిగాను. చీర అంచు తడుస్తుందని జరిగానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. రాసాత్తి నా కాళ్లకేసి చూసింది. తర్వాత నా ముఖం చూడలేదు.

"అయ్యో, ఇంక ఆ నీళ్లెట్ల తాగేది?" అని ఒక పిల్ల ఏడుపు గొంతుతో అంది. అంతవరకూ అందులో చచ్చిన పిల్లి ఉంది. అప్పుడు ఆ పిల్ల ఏడవలేదు.

త్యాగరాజుగారు వచ్చారు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. అంత నెమ్మదైన మనిషి.

"నిన్నెవరు దిగమన్నారమ్మా?"

రాసాత్తి పెదవులు కదిలాయి. అది తల వంచుకునే చెప్పింది.

"ఎవురూ చెప్పలా సార్. నేనే దిగినా."

పొద్దున త్యాగరాజుగారు "పిల్లిని తీసేశాక కాస్త బ్లీచింగు పొడి చల్లితే సరి" అన్నారు. పిల్లికి బ్లీచింగు పొడి చాలింది. రాసాత్తికి చాలలేదు. మర్నాడు బడికి సెలవిచ్చి, మనుషుల్ని పెట్టి బావి నీళ్లు అడుగంటా తోడించి పారబోయించారు. సున్నం చల్లించారు. పురోహితుడొచ్చి మామిడాకులతో చప్టా అంతా చిలకరించి వెళ్లాడు. కారణం ఏమని ఎవరూ అడగలేదు, పిల్లి చచ్చింది కదా అని అందరూ సర్దుకున్నారు.

శనివారం త్యాగరాజుగారు నన్ను గదికి పిలిచారు. బల్ల మీద రాసాత్తి టి.సి. ఉంది. ప్రవర్తన అన్నచోట "పెద్దల మాట వినదు, అపాయకరమైన పనులు చేస్తుంది" అని రాసి ఉంది. క్లాసు టీచరు సంతకం చేసే చోటు ఖాళీగా ఉంది.

"పరీక్ష నెలే ఉంది సార్" అన్నాను.

"పిల్లల తల్లిదండ్రులు ఊరుకోవడం లేదమ్మా. పది కుటుంబాలు పోతే తరగతే పోతుంది." ఇనస్పెక్టరు ఫిబ్రవరిలోనే వచ్చి, తలలు లెక్క చూసుకుని వెళ్లిపోయాడు. ఇక ఒక్క తల తగ్గితే వచ్చే నష్టం లేదు. ఆయన గొంతు తగ్గించారు. "ఇంకో మాట. మీ కత విని దిగిందని కొందరు పిల్లలు ఇళ్లలో చెప్పినారంట. నేను ఇంతవరకూ చెవిన పెట్టలా. ఆ మాట మీ నోట వస్తే మాత్రం మిమ్మల్ని నిలబెట్టడం నా వల్ల కాదు."

అమ్మ ముఖం కళ్ల ముందు కదిలింది. సంతకం పెట్టాను. పత్రికలో వెయ్యిమంది పిల్లలు చదివే కథ కింద ఉండే పేరు, అదే పేరు.

ఆదివారం పొద్దున మాదయ్య మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అతని వెనక రాసాత్తి లేదు. అమ్మ లోపల పూజలో ఉంది.

"టీచరమ్మా, కూవానికి అవతల కార్పొరేషన్ బడి ఒకటుండాది. నిన్న పాపను తీసుకొని ఆడికి పోయినా. ఆ యెడ్మాస్టరు మంచోడే. 'టి.సి.లో ఇట్ల రాసినారే, అసలేం జరిగిందో క్లాసు టీచరు చేత రాయించుకొని రా, చూస్తా' అన్నాడు."

"రాసాత్తి ఏం చెప్పింది?"

"అది నోరు తెరిస్తే కదమ్మా. కత సంగతి పక్కింటి పిల్లకాయలు చెప్తే తెలిసింది. మీరు మంచి కతే చెప్పినారు, తప్పు పట్టేది లేదు. దానికే పిచ్చి, కతలో మాదిరి ఈడ జరగతాదనుకునింది." అతను నవ్వబోయి ఆగాడు. "నా కత ఇని దిగింది, కావాలని బడికి కీడు చేయలేదు, అని నాలుగు ముక్కలు రాసిస్తే చాలు. మేస్త్రీ దాని పేరు పనిలో రాసుకుంటానని తొందరపెడతా ఉండాడు. నేను వద్దంటా ఉండా."

"రాస్తాను" అన్నాను. నిజంగానే రాద్దామనుకున్నాను. "సాయంత్రం రా."

కూర్చున్నాను. "రాసాత్తి బావిలో దిగడానికి నేను చెప్పిన కథే కారణం. అందులో ఆమె తప్పు లేదు" అని రాశాను. రెండే వాక్యాలు. అడవీ లేదు, మడుగూ లేదు. కింద సంతకం పెట్టబోయి, ఆ కాగితం త్యాగరాజుగారి చేతికి వెళితే ఏమవుతుందో ఊహించుకున్నాను. చింపేశాను. ఇంకోటి రాశాను. అదీ చింపేశాను. మధ్యాహ్నం మూడింటికి చివరిది రాశాను. "రాసాత్తి తెలివైన విద్యార్థిని. లెక్కల్లో తరగతికి ప్రథమురాలు. చదువుపై శ్రద్ధ, వినయం గల బాలిక. ఆమెకు ఉజ్జ్వల భవిష్యత్తు ఉండాలని నా ఆకాంక్ష." భాష చాలా బాగా కుదిరింది. అందులో బావి లేదు, కథ లేదు, నేను లేను.

మాదయ్య సాయంత్రం వచ్చి, భుజం మీది తువ్వాలు రెండు చేతుల మీదా పరచి పట్టాడు. అందులోకి కవరు వదిలాను. అతనికి చదువు రాదు. కవరును కళ్లకద్దుకున్నాడు.

"అంతా రాసినారా అమ్మా?"

"రాశాను."

సోమవారం, మంగళవారం గడిచాయి. నేను బడికి వెళ్లి పాఠాలు చెప్పాను. బెంచీ చివర ఖాళీని ఎవరో పిల్లలు జరిగి నింపేశారు. బుధవారం నేను బడికి బయల్దేరే వేళకు మాదయ్య మళ్లీ వచ్చాడు. గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు. ఒంట్లో సత్తువ లేనట్టుంది, కాని ముఖంలో నా మీద కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది.

"చేర్చుకోలేదమ్మా."

చేతిలోని పుస్తకాల సంచి గుమ్మం పక్కన పెట్టాను.

"మీ కాయితం చదివినాడు ఆ యెడ్మాస్టరు. 'ఇందులో బావి సంగతి ఒక్క ముక్క లేదే, ఇది తెచ్చి ఏం లాభం' అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఆయమ్మ నాకు మాటిచ్చి రాసింది, సరిగ్గా చూడు సామీ, అన్నా. పెద్దమనిసిని అట్ల అనకూడదు, అనేసినా. ఆ కాయితం పాప చేతికిచ్చి, నువ్వు చదవమ్మా అన్నా. అది ఆడ్నే నిలబడి పైనుంచి కిందిదాకా అంతా చదివింది. చదివేసి మడిచి నా చేతికిచ్చింది."

"ఏమంది?"

"'అంతా రాసుండాది నాయినా. కత సంగతీ రాసింది, బావి సంగతీ రాసింది. టీచరు ఏమీ దాచలేదు. ఈయనకే నన్ను చేర్చుకునే మనసు లేదు, పోదాం దా' అనింది." మాదయ్య ముక్కు చీదుకున్నాడు. "రేపట్నుంచి వాళ్లమ్మతో పనికి పోతాది. సరి, దాని రాత. నేనొచ్చింది దానికి కాదమ్మా. మా ఓళ్లు ఎగతాళి చేస్తా ఉండారు. అంత చదివిన యెడ్మాస్టరుకు కనపడనిది నీ కూతురికి కనపడిందా, దానికి చదవనే రాదు, ఇన్నాళ్లూ నిన్ను మోసం చేసింది అంటా ఉండారు. అందుకని మిమ్మల్నే అడిగి పోదామని వచ్చినా. మా పాప సరిగ్గానే చదివిందా అమ్మా?"

అతను నా నోటికేసి చూస్తున్నాడు. లోపల అమ్మ, బడికి వేళవుతోందని పిలిచింది.

"సరిగ్గానే చదివింది" అన్నాను.

మాదయ్య ముఖం తేటపడింది. దండం పెట్టి, డ్యూటీకి వెళ్లిపోయాడు.